ఆ మొదటి గంట తల్లీబిడ్డలకే వదిలేయండి
గజపతి జిల్లా ప్రసూతి వార్డుల బాధ్యులకు ఒక బహిరంగ లేఖ

గజపతి జిల్లా ముఖ్య వైద్యాధికారి గారికి, జిల్లా ఆసుపత్రుల్లో లేబర్ రూమ్ బాధ్యతలు చూస్తున్న సిస్టర్లకు, ఒడిశా-ఆంధ్ర సరిహద్దుకు అటూ ఇటూ నర్సింగ్ హోమ్‌లు నడుపుతున్న డాక్టర్లకు,

నమస్కారం.

పర్లాకిమిడిలో మా వీధిలో ఎవరికి నొప్పులొచ్చినా తోడు రమ్మని నన్ను పిలుస్తారు. నాకు ఒడియా వచ్చు, రాత్రంతా మేలుకోగలను, ఆసుపత్రిలో నలుగురితో మాట్లాడటానికి భయపడను. అంతకు మించి అర్హతేమీ లేదు. కుట్టుమిషన్ మీద బతికేదాన్ని, నర్సును కాను, మంత్రసానినీ కాను. అలా తోడు వెళ్ళినప్పుడు చూసినవీ, తర్వాత మా ఆశా దిదినీ తెలిసిన డాక్టరమ్మనూ అడిగి తెలుసుకున్నవీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. కాన్పు అయ్యాక ఒక గంటపాటు బిడ్డను తల్లి గుండెల మీద నుంచి తీయకండి. తూకం, కొలతలు, విటమిన్ కె ఇంజెక్షన్, బంధువులకు చూపించడం, ఫొటోలు, అన్నీ ఆ గంట తర్వాత పెట్టుకోండి. స్నానమైతే ఒక రోజు ఆగినా మంచిదే.

ఇది నా తలలో పుట్టిన కోరికేం కాదని మీకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 1991లో తల్లిపాలకు అనుకూలమైన ఆసుపత్రుల కార్యక్రమం మొదలుపెట్టాయి. దానికి రాసుకున్న పది సూత్రాలను 2018లో సవరించినప్పుడు, పుట్టిన వెంటనే బిడ్డను తల్లి ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టాలని, మధ్యలో విడదీయొద్దని స్పష్టంగా చెప్పాయి. మన కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టులో తల్లిపాల కోసం 'మా' పేరుతో కార్యక్రమం తెచ్చింది. మీ వార్డు గోడల మీద ఆ పోస్టర్లు ఉన్నాయి. నేను చెప్పేది ఆ పోస్టరు కింద జరుగుతున్న దాని గురించి.

ఏ ఊరో, ఏ ఆసుపత్రో రాయను. రాస్తే ఆ ఒక్క చోటే తప్పు జరిగిందనుకుని మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. మాకు కావలసిన అమ్మాయికి తొలికాన్పు. కాన్పు తేలిగ్గానే అయింది, బిడ్డ గట్టిగా ఏడ్చింది, తల్లికి స్పృహ ఉంది. సిస్టర్ బొడ్డు కోసి, బిడ్డను పైకెత్తి "ఆడపిల్ల" అని చూపించి, అటు తిప్పి తూకం వేసే తొట్టిలో పెట్టింది. అక్కణ్ణుంచి బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ కిందకి, అక్కణ్ణుంచి మేం తీసుకెళ్ళిన పాత చీర ముక్కలోకి. ఆయా ఆ మూటను పట్టుకుని తలుపు తీసుకుని బయటికి వచ్చింది. మగపిల్లాడైతే ఎంత, ఆడపిల్లయితే ఎంత అని ఆమెకో లెక్క ఉంది. అది తేలేదాకా బిడ్డ ఆమె చేతుల్లోనే ఉంది. తేలాక నానమ్మ చేతికి, ఆమె నుంచి పిన్నత్త చేతికి, ఆ తర్వాత ఫోన్ పట్టుకుని నిలబడ్డ మేనమామ ముందుకి. లోపల ఆ పిల్ల కుట్లు వేయించుకుంటూ "పాప ఏదీ, పాప ఏదీ" అని అడుగుతోంది. కుట్లయ్యాయి, చీర మార్చారు, స్ట్రెచర్ దొరికేదాకా ఆగారు, వార్డుకి తెచ్చారు. బిడ్డను పక్కన పడుకోబెట్టేసరికి అది గాఢంగా నిద్రపోతోంది. ఎంత లేపినా రొమ్ము పట్టలేదు. "పాలు పడలేదమ్మా, డబ్బా తెప్పించండి" అన్నారు.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు. ఆయా పద్ధతి గురించి నాకు చెప్పాల్సింది ఉంది గానీ, ఇప్పుడు అది కాదు. ఎవరి పని వాళ్ళు చకచకా చేశారు. ఆ పనుల వరసలో తల్లి వంతు చివరికి పడింది, అంతే. నేను మార్చమంటున్నది ఆ వరసనే.

బిడ్డ ఎందుకు నిద్రపోయిందో తర్వాత డాక్టరమ్మ చెప్పింది. పుట్టిన బిడ్డ మొదటి గంట, ఇంకాస్త ఎక్కువసేపు చాలా చురుగ్గా ఉంటుందట. కళ్ళు విప్పి చూస్తుంది, వాసన పడుతుంది. తర్వాత చాలాసేపు మత్తుగా పడుకుంటుంది. ఆ చురుకైన సమయాన్ని మనం తక్కెట్లోనూ వరండాలోనూ ఖర్చు పెట్టేసి, అది నిద్రకి జారుకున్నాక తెచ్చి తల్లికి ఇస్తున్నాం.

వరస మారితే ఏమవుతుందో కూడా చూశాను. మరోసారి, మరో చోట, రాత్రి డ్యూటీలో ఉన్న ఒక సిస్టర్, వయసులో చిన్నదే, బిడ్డను పొడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, చేతులు మాత్రం తుడవకుండా, తల్లి జాకెట్టు విప్పించి రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టింది. తడిగుడ్డ తీసేసి, నెత్తికి టోపీ పెట్టి, ఇద్దరి మీదా కలిపి పొడి దుప్పటి కప్పింది. నాడి కొట్టుకోవడం ఆగాక అక్కడే బొడ్డుతాడు కోసింది. కాలికి ట్యాగు అక్కడే కట్టింది. ఇటు కుట్లు వేస్తున్నారు, అటు బిడ్డ పని బిడ్డ చేసుకుంటోంది. ఏడుపు ఆపి కాసేపు కదలకుండా పడుకుంది. తర్వాత తల అటూ ఇటూ తిప్పింది. పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరించింది. మళ్ళీ ఆగింది. మేమందరం "ఇంకేం పడుతుంది, అలిసిపోయింది" అనుకున్నాం. సిస్టర్ మాత్రం "ఆగండి, దాని జోలికి పోకండి" అంది. మోకాళ్ళతో పొట్టను తన్నుకుంటూ, గడ్డం ఆనించి పైకి జరిగి, చనుమొన దగ్గర ముక్కు రాసి, నాకి, నోరు పెద్దగా తెరిచి పట్టేసుకుంది. తల్లి అప్పటిదాకా కుట్ల నొప్పికి మూలుగుతున్నదల్లా "అమ్మో, పట్టింది పిన్నీ" అని నవ్వేసింది.

స్వీడన్ పరిశోధకులు 1987లోనే ఈ పాకులాటను గమనించి రాశారట. ఏడవడం, సేదదీరడం, మేలుకోవడం, కదలడం, మధ్యలో ఆగడం, పాకడం, తడిమి చూసుకోవడం, చప్పరించడం, నిద్రపోవడం అని దానికి తొమ్మిది దశలు చెబుతారు. చేతులు ఎందుకు తుడవలేదో కూడా అప్పుడు తెలిసింది. ఉమ్మనీటి వాసన చేతులకి ఉంటే బిడ్డకి దారి దొరుకుతుంది. ఈ మొత్తానికి ముప్పావు గంటో గంటో పడుతుంది. మన దగ్గర పాలు పట్టించే ప్రయత్నం అయిదు నిమిషాలు. బిడ్డ మెడ పట్టుకుని రొమ్ముకి అదుముతారు, అది ఏడుస్తుంది, "పట్టట్లేదు" అని తీసేస్తారు. మధ్యలో ఆగినప్పుడు బిడ్డ ఓడిపోలేదు సిస్టర్, విశ్రాంతి తీసుకుంటోంది. దయచేసి ఆ ఒక్క మాట కొత్తగా డ్యూటీలో చేరేవాళ్ళకి చెప్పండి.

మా పెద్దవాళ్ళతో మీరు పడే బాధ నాకు తెలుసు. మంచి గుణాలున్న మనిషి చేత తేనె నాకించాలంటారు. పంచదార నీళ్ళంటారు, ఆముదం అంటారు, కొందరు గాడిదపాలు కూడా తెస్తారు. ఏడాది లోపు పిల్లకి తేనె ప్రమాదమని చెబితే "మేమంతా తాగి పెరగలేదా" అంటారు. ఆవు ఈనితే జున్నుపాలు వీధంతా పంచుకుని తింటాం. దూడను తీసుకెళ్ళి వేరే పాకలో కట్టేసేవాడు మన చుట్టుపక్కల ఎక్కడా లేడు. మన ఇంటి ఆడపిల్ల ముర్రుపాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పచ్చగా ఉన్నాయి, చిక్కగా ఉన్నాయి, పిండి పారబొయ్యి అంటాం. పుట్టిన మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది కొద్ది మిల్లీలీటర్లే, సుమారు ఒక టీచెంచా. ముర్రుపాలు చుక్కలుగా వచ్చేది అందుకే. రొమ్ములు బరువెక్కి పాలు బాగా పడేది రెండో రోజుకో నాలుగో రోజుకో. ఆలోగా "పాలు పడలేదు" అనడమంటే సమయం రాకముందే తీర్పు చెప్పేయడం. ఈ మాట ఇంట్లో ముసలమ్మలు అంటే ఒక రకం. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు అంటే ఆ తల్లి జీవితాంతం నమ్ముతుంది.

కానీ తేనె మీద నెపం వేసి తప్పించుకునే రోజులు కూడా పోయాయి. 2005లో జననీ సురక్షా యోజన వచ్చినప్పటి నుంచి కాన్పులు ఆసుపత్రికి మారాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు మాత్రం 41.8 శాతమే. అంటే శిక్షణ పొందినవాళ్ళ చేతుల్లో పుట్టిన పిల్లల్లోనే సగం మందికి పైగా ఆ గంట దాటిపోతోంది. ఒడిశా ఇందులో నయం, సుమారు 68 శాతం. అందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. అయినా మూడో వంతు పిల్లలు మిగిలిపోతున్నారు కదా.

ఆలస్యానికి వెల ఏమిటో కూడా లెక్కకట్టారు. ఘానా పల్లెల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2006లో అచ్చయింది. పిల్లలందరికీ గంటలోపే పాలు మొదలుపెడితే మొదటి నెల చావుల్లో 22 శాతం తప్పించవచ్చని వాళ్ళ అంచనా. మొదటి రోజులో ఎప్పుడో ఒకప్పుడు పెడితే అది 16 శాతమే. ఆసుపత్రి, డాక్టరు, మందు, అన్నీ ఎక్కువగా ఉన్న చోట ఆ అంకెలు అలాగే ఉంటాయని నేననను. మన జిల్లాలో గుమ్మా, నువాగడ, మోహనా వైపు కొండల మీద పుట్టే పిల్లలకి మాత్రం దూరం కాదు ఆ లెక్క. అక్కడ చలికాలంలో తెల్లవారుజామున కాన్పయి, అదే సమయానికి కరెంటు పోతే వార్మర్ పనిచేయదు. తల్లి ఒళ్ళు పనిచేస్తుంది. బిడ్డ చల్లబడితే తల్లి ఛాతీ వెచ్చబడుతుంది. బిడ్డ చప్పరిస్తుంటే తల్లికి గర్భసంచి ముడుచుకుంటుంది, రక్తం పోవడం అదుపులో ఉండటానికి అదీ ఒక సాయం. ఇవన్నీ మీరు చదువుకున్నవే.

ఇక ఆపరేషన్ల సంగతి. మా తెలుగువాళ్ళ గురించి మేమే చెప్పుకోవాలి. అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆపరేషన్ కాన్పులు ఒడిశాలో 21.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాటి టెక్కలి, శ్రీకాకుళం దాకా వెళ్ళి ఆపరేషన్ చేయించుకునే ఇళ్ళు మా వీధిలోనూ ఉన్నాయి. పంతులు గారి చేత నిమిషంతో సహా ముహూర్తం పెట్టించుకుంటారు. డాక్టరు కూడా సరే అంటారు. అంత కచ్చితంగా భూమ్మీదకి తెచ్చిన బిడ్డను తర్వాత నాలుగు గంటలు తల్లికి చూపించరు! తల్లి రికవరీలో, బిడ్డ అమ్మమ్మ ఒళ్ళో, మధ్యలో పాలడబ్బా. జాతకంలో ఆ నాలుగు గంటలకి ఏ గ్రహం కాపలా ఉంటుందో నాకైతే తెలియదు.

నడుముకి మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. ఇద్దరూ బాగుంటే బల్ల మీదే, ఆమె ఛాతీకి అడ్డంగా బిడ్డను పడుకోబెట్టవచ్చు. పూర్తి మత్తు ఇస్తే తల్లికి తెలివి రాగానే. నర్సింగ్ హోమ్ డాక్టర్లూ, ప్యాకేజీ కాగితంలో ఏసీ గది, టీవీ అని రాస్తారు కదా, ఇదీ ఒక లైను రాయండి. దీనికి ఖర్చు లేదు.

డబ్బాపాల మాట ఎలాగూ వచ్చింది. పాలపొడి కంపెనీలను అదుపు చేయడానికి 1992లో చట్టం తెచ్చారు, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. పాలపొడి కంపెనీలు తల్లులకి శాంపిళ్ళు ఇవ్వడానికి వీల్లేదు, ఆసుపత్రి గోడకి బొమ్మలు తగిలించడానికి వీల్లేదు, వైద్య సిబ్బందికి కానుకలు ఇవ్వడానికి వీల్లేదు. వైద్యపరంగా డబ్బాపాలు అవసరమైన బిడ్డ ఉంటుంది, కాదనను. అప్పుడు ఎందుకో చీటీ మీద కారణం రాసి ఇవ్వండి. నోటిమాటగా "డబ్బా తెప్పించండి" అనడం ఆగితే చాలు.

నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన పిల్లల గురించి ఇంకో మాట. వాళ్ళనైతే అసలు ముట్టుకోనివ్వరు, అద్దాల పెట్టెలో పెట్టి తల్లిని బయట కూర్చోబెడతారు. కొలంబియా దేశంలో బొగోటా నగరంలో 1970ల చివర్లో పెట్టెలు చాలక ఇద్దరు డాక్టర్లు అలాంటి పిల్లలను తల్లుల గుండెలకి కట్టడం మొదలుపెట్టారు. కంగారూ పద్ధతి అంటున్నది దాన్నే. మొదట బిడ్డ కుదుటపడ్డాకే కట్టమనేవాళ్ళు. తర్వాత మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో, పుట్టిన వెంటనే కడితే ఏమవుతుందో చూశారు. 2021లో ఫలితం వచ్చింది. కుదుటపడేదాకా ఆగిన వైపు మొదటి 28 రోజుల్లో 15.7 శాతం పిల్లలు పోతే, వెంటనే కట్టిన వైపు 12 శాతం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనల్నే మార్చుకుంది. మనకి ఇక్కడ పెద్ద కేసు వస్తే బరంపురం పంపుతారు, వంద కిలోమీటర్లు దాటిన దారి. అంబులెన్స్‌లో బిడ్డను ఒళ్ళో మూటలా పట్టుకుని వెళ్ళే బదులు తల్లి గుండెకి కట్టి పంపవచ్చు. తల్లి లేవలేకపోతే తండ్రి గుండెకి. పురుడు అంటు పదకొండు రోజులని మగవాళ్ళు దూరంగా నిలబడతారు మా ఇళ్ళల్లో. డాక్టరు గారు గట్టిగా ఒక మాట చెబితే చొక్కా విప్పుతారు. అంటు కంటే డాక్టరు మాటకే భయం ఎక్కువ, నా అనుభవంలో.

మీరు ఏమంటారో నాకు తెలుసు. "ఒక సిస్టర్, ముగ్గురికి నొప్పులు. గంటసేపు ఒక్కొక్క బిడ్డ దగ్గర ఎవరు కూర్చుంటారు?" న్యాయమైన ప్రశ్న. బిడ్డను తల్లి మీద పెట్టి వెళ్ళిపోమని నేను అడగడం లేదు, అది ప్రమాదం కూడా. అలసిపోయిన తల్లి కునుకు తీస్తుంది, బిడ్డ ముక్కు రొమ్ముకి అదుముకుపోతుంది. ముఖం కనబడుతోందా, ముక్కు తెరుచుకుని ఉందా, మెడ తిన్నగా ఉందా, రంగు బాగుందా అని ఒక మనిషి చూస్తూనే ఉండాలి. ఏడవని బిడ్డ, ఊపిరి అందని బిడ్డ, తల్లికి రక్తం ఆగకపోవడం, అప్పుడు మీ వైద్యమే ముందు, ఎవరూ అడ్డు చెప్పరు.

ఆ చూసే మనిషి తలుపు బయట ఊరికే నిలబడి ఉంది. కాన్పు గదిలోకి తల్లికి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే అనుమతించింది. మా జిల్లాలో అది సిస్టర్ మంచితనం మీద ఆధారపడి నడుస్తోంది. కొందరు రానిస్తారు, కొందరు "బయటికి పో మావుసీ" అంటారు. ఆ తోడు మనిషికి నొప్పులు మొదలయ్యేటప్పుడే పది నిమిషాలు చెప్పండి, ఏం చూడాలి, ఎప్పుడు కేకెయ్యాలి అని. అమ్మమ్మల కంటే శ్రద్ధగా ఎవరు చూస్తారు? మీకు ఒక చెయ్యి కలిసొస్తుంది, ఆయా బేరానికి బయట జనమూ ఉండరు.

చెప్పడానికి చోటు కూడా మీ దగ్గరే ఉంది. కొండ ఊళ్ళ నుంచి నెలలు నిండిన ఆడవాళ్ళు ముందే వచ్చి ఉండే 'మా గృహ'లు ఉన్నాయి. రోజుల తరబడి ఖాళీగానే కూర్చుంటారు అక్కడ. మమతా పథకం 2011 నుంచి నడుస్తోంది. తల్లికి డబ్బిచ్చి మరీ ఆరు నెలలు తల్లిపాలే పట్టమంటున్నారు. మొదటి గంట ఎలా గడపాలో ఆ పథకంలో పేరు రాసుకున్న రోజే చెప్పొచ్చు. కాకపోతే ఏ భాషలో చెబుతారన్నది చూసుకోండి. పర్లాకిమిడి, కాశీనగర్ వైపు ముసలమ్మలకి ఒడియా మాట అర్థమవుతుంది గానీ పోస్టరు చదవలేరు. గుమ్మా వైపు సవర తల్లులకి ఒడియా, తెలుగు రెండూ బరువే. గిడుగు రామమూర్తి గారు సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి బడి పెట్టిన ఊరు మాది. వందేళ్ళు దాటాక కూడా సవర తల్లికి లేబర్ రూమ్‌లో చేతి సైగలే గతి అంటే బాగోదు.

చివరిగా రిజిస్టరు. "గంటలోపు తల్లిపాలు: అవును" అని గడిలో టిక్కు పెడతారు. ముందు చెప్పానే, నిద్రపోతున్న పాప, దాని కాగితంలోనూ ఆ టిక్కు ఉంది. టిక్కు తీసేసి టైము రాయండి: పుట్టిన టైము, తల్లి మీద పడుకోబెట్టిన టైము, తీసిన టైము, తనంతట తాను రొమ్ము పట్టిన టైము. తీస్తే ఎందుకు తీశారో ఒక ముక్క. డిశ్చార్జి కాగితం మీద కూడా అదే ఉండాలి, మేం చదువుకునేలా. నెలకోసారి మీరు ఆ నాలుగు టైములు వరసగా చూస్తే చాలు, ఏ షిఫ్టులో ఏం జరుగుతోందో ఎవరూ మీకు చెప్పక్కర్లేదు.

ఆసుపత్రి నిర్వహణ చూసే రోగి కల్యాణ సమితి వచ్చే సమావేశంలో ఈ ఉత్తరం చదివించమని కోరుతున్నాను. తోడు మనుషులకి చెప్పాల్సినది ఒక పేజీ ఒడియాలో రాసి ఇస్తే, తెలుగులోకి నేనూ మా వీధి టీచరమ్మా రాసిపెడతాం. సవరలో మాట్లాడి రికార్డు చేయడానికి గుమ్మాలో ఇద్దరు ఆశాలు ఒప్పుకున్నారు. బిడ్డ టోపీలకి గుడ్డ మీరు ఇప్పిస్తే కుట్టు కూలీ తీసుకోను.

ఇట్లు,
మీ ప్రసూతి వార్డు బయట తరచూ కనబడే మనిషి,
పర్లాకిమిడి